బిళ్ల వెనక కథ – 9: పూత మీద పట్టా

మడకశిర దాటి ఇంకా పడమటికి పోతే అగళి. అక్కడ మన రాష్ట్రం కర్ణాటకలోకి వేలు పెట్టినట్టు చొచ్చుకుపోయి ఉంటుంది. శిర బస్సెక్కితే కాసేపట్లో రాష్ట్రమే మారిపోతుంది. అంగళ్లలో సగం మాట తెలుగు, సగం కన్నడం. మాత్రకు మాత్రం రెండు భాషల్లోనూ ఇంచుమించు ఒకటే పేరు.

ఆ ఊళ్లో ఒక మందులంగడి ముందు నిలబడి విన్న మాటలతో ఈ భాగం మొదలుపెడతాను. షుగరు మాత్రల కోసం ఒక పెద్దామె వచ్చింది. చీటీలో రాసింది మెట్‌ఫార్మిన్ ఎస్.ఆర్., 1000 మిల్లీగ్రాములది.

"అవ్వా, దీన్ని ఇరగ్గొట్టొద్దు, నమలొద్దు. ఉన్నదున్నట్టు మింగల్ల."

"ఇంత లావుది గొంతులో యాడ దిగుతాదప్పా? రోట్లో ఏసి నూరుకుంటా. కడుపులోకి పోయినాక అంతా ఒకటే గదా!"

"ఒకటే అయితే కంపెనీవాళ్లు అంత కష్టపడి దాన్ని కట్టేదేల?"

అంగడాయనది మంచి ప్రశ్న. కట్టడానికి పడిన కష్టం ఒక ఎత్తు, కట్టిన తీరు మాదంటే మాదని కోర్టుల్లో పోట్లాడుకున్నది ఇంకో ఎత్తు. ఆ పోట్లాటలో ఒక హైదరాబాదు కంపెనీ కూడా ఉంది. ఓడిపోయింది కూడా. మన ఔషధ పరిశ్రమ గెలుపు కథలు అందరూ చెబుతారు కాబట్టి, నేను ఈ ఓటమి దగ్గర కాస్త ఎక్కువసేపు ఆగుతాను.

గత భాగం 1970 పేటెంట్ల చట్టం దగ్గర ఆగింది. జస్టిస్ రాజగోపాల అయ్యంగార్ 1959లో ఇచ్చిన నివేదిక మీద నిలబడ్డ ఆ చట్టం 1972 ఏప్రిల్ 20న అమల్లోకి వచ్చింది. మందు విషయంలో పదార్థం మీద పేటెంటు ఉండదు, దాన్ని తయారుచేసే పద్ధతి మీదే ఉంటుందని అది తేల్చేసింది. ఆ హక్కు కూడా పేటెంటుకు ముద్ర పడ్డాక 5 ఏళ్లు లేదా పేటెంటు తేదీ నుంచి 7 ఏళ్లు, ఏది తక్కువైతే అది. ఇంకో దారిన అదే మందు చేయగలిగితే అడ్డు లేదు. సోవియట్ సాయంతో బాలానగర్‌లో వెలసిన మందుల కంపెనీ ఐడీపీఎల్‌లో రసాయనం నేర్చినవాళ్లకు ఇంకో దారి వెతకడమే విద్య అయింది. కల్లం అంజిరెడ్డి 1969లో అక్కడ చేరి, 1975లో బయటికొచ్చి, 1984లో డాక్టర్ రెడ్డీస్ పెట్టాడు. అణువు చేతికొస్తే మందు చేతికొచ్చినట్టేనని హైదరాబాదు నమ్మిన రోజులవి. ఆ నమ్మకం న్యూయార్కులో ఎలా బెడిసిందో చెప్పాలంటే ముందు పూత కథ చెప్పాలి.

పూత పాత విద్యే. చేదు తెలియకుండా మాత్రలకు ఇసబ్గోలు జిగురు పూసినవాడు పారసీక వైద్యుడు రాజీ అని, వెండి బంగారు రేకులు చుట్టినవాడు ఇబ్న్ సీనా అని మందుల చరిత్రల్లో రాస్తారు. అది నాలుకను మోసం చేసే పూత. కడుపును మోసం చేసే పూత 1884లో వచ్చింది. హాంబర్గ్ చర్మవైద్యుడు పాల్ ఉన్నా మాత్రలకు కెరటిన్ పూశాడు. కెరటిన్ అంటే మన గోళ్లలో, వెంట్రుకల్లో ఉండే పదార్థమే. పొట్టలో ఆమ్లానికి కరగకుండా పేగులోకి పోయాక కరగాలన్నది అతని ఎత్తు.

ధర్మవరం వాళ్లకు ఈ ఎత్తు చెప్పకుండానే అర్థమవుతుంది. పట్టుపురుగు తన పోగుకు జిగురు పూసి గూడు కడుతుంది. హిందూపురం మార్కెట్లో కొన్న గూళ్లను రీలింగువాళ్లు వేడినీళ్లలో వేస్తే ఆ జిగురు మెత్తబడి పోగు విడుతుంది. తర్వాత అద్దకానికి ముందు సబ్బూ సోడా కలిపిన నీళ్లలో ఉడికిస్తే మిగిలిన జిగురంతా ఊడుతుంది. చన్నీళ్లలో రోజుల తరబడి నానినా బిగిసి కూర్చునే జిగురు, క్షారం తగిలితే కరుగుతుంది. పేగులో కరిగే పూతల గుణం కూడా ఇలాంటిదే. ఆమ్లంలో బిగుస్తాయి, ఆ ఆమ్లం తగ్గినచోట విడిపోతాయి.

ఇక్కడో తేడా గుర్తుపెట్టుకోవాలి. ఆలస్యంగా విడుదలయ్యేది వేరు, నిదానంగా విడుదలయ్యేది వేరు. మొదటిది పేగు దాకా మూత తీయదు, తీశాక ఒక్కసారే కుమ్మరిస్తుంది. దాన్ని డి.ఆర్. అంటారు. రెండోది ఎనిమిది గంటలో, పన్నెండు గంటలో, రోజంతానో కొద్దికొద్దిగా వదులుతుంది. అట్ట మీద ఎస్.ఆర్., ఇ.ఆర్., ఎక్స్.ఆర్., ఎక్స్.ఎల్. అని కంపెనీకో తీరున రాసి ఉంటుంది. అవ్వ చేతిలోది ఈ రెండో రకం.

నిదానం వ్యాపారంగా మారింది 1952లో. ఫిలడెల్ఫియాలోని స్మిత్ క్లైన్ అండ్ ఫ్రెంచ్ కంపెనీ స్పాన్‌స్యూల్ అనే గొట్టాన్ని (క్యాప్సూల్‌ను) అమ్మకానికి తెచ్చింది. అందులో వందల కొద్దీ చిన్న గింజలు. కొన్నింటికి పూత లేదు, కొన్నింటికి పలుచగా, కొన్నింటికి మందంగా. పలుచటివి ముందు కరుగుతాయి, మందమైనవి పొద్దుపోయాక. మూడు పూటల మందు ఒక పూటకు వచ్చింది.

గింజ గింజకూ సమంగా పూత పట్టించడం ఎలా? విస్కాన్సిన్ విశ్వవిద్యాలయంలో డేల్ వర్‌స్టర్ అనే ప్రొఫెసరు కింది నుంచి గాలి కొట్టి గింజలను పైకి ఎగరేసి, ఎగురుతున్నప్పుడే పూత చల్లే యంత్రం చేశాడు. బట్టీలో బొరుగులు ఎగిరినట్టే. ఆ పద్ధతికి 1953లో అమెరికా పేటెంటు వచ్చింది. హక్కు విశ్వవిద్యాలయ పూర్వ విద్యార్థులు నడిపే సంస్థది. నేడు హైదరాబాదు చుట్టుపక్కల గింజల మందులు చేసే ఏ యూనిట్‌కు పోయినా 'వర్‌స్టర్' అన్న మాట వినిపిస్తుంది. ఆ మాట వాడే కుర్రాళ్లలో చాలామందికి అది ఒక మనిషి పేరని తెలియదు. మనిషి పేరు యంత్రం విడిభాగం పేరుగా మిగలడం, నన్నడిగితే, బిరుదుల కంటే పెద్ద గౌరవం.

తర్వాత వచ్చినవాడు అలెహాండ్రో జాఫరోనీ. ఉరుగ్వేలో పుట్టిన జీవరసాయనవేత్త. 1968లో తన పేరులోని మొదటి అక్షరాలు, ఇంటిపేరులోని మొదటి అక్షరాలు కలిపి ఆల్జా అనే కంపెనీ పెట్టాడు. కొత్త మందు కనిపెట్టను, పాత మందును ఒంట్లోకి పంపే తీరే నా సరుకు అన్నట్టు నడిచిన కంపెనీ అది. అప్పటికి అలాంటి కంపెనీ వింత. బెల్జియం నుంచి వచ్చిన ఫెలిక్స్ థ్యూవిస్, కాన్సస్ ప్రొఫెసరు టకేరు హిగూచి కలిసి అక్కడ ఒక బుల్లి పంపు రూపొందించారు. 1974లో దానికి పేటెంటు వచ్చింది. చూడటానికి మామూలు మాత్రే. చుట్టూ నీటిని లోపలికి రానిచ్చే, మందును బయటికి పోనివ్వని పొర. పొరకు లేజరుతో పొడిచిన ఒకే ఒక సన్నని రంధ్రం. నీళ్లు ఊరే కొద్దీ లోపలి ఒత్తిడి మందును ఆ రంధ్రం గుండా గంట గంటకూ ఒకే లెక్కన బయటికి నెడుతుంది. పని అయ్యాక పొర మాత్రం కరగదు. పల్లెల్లో కొందరు "మాత్ర అట్లనే బయటికొచ్చేసింది, డాక్టరు మోసం చేసినాడు" అని కేకలేస్తుంటారు. అది ఒట్టి డొల్ల, మందెప్పుడో ఒంటికి పట్టేసింది.

ఈ పంపుకు మొదట తగిలింది దెబ్బే. ఇదే ఉపాయంతో కీళ్లనొప్పులకు వచ్చిన ఆస్మోసిన్ మాత్ర కొందరి పేగులకు చిల్లులు పెట్టింది. 1983లో బ్రిటన్ మార్కెట్ నుంచి దాన్ని తీసేశారు. పేగులో ఒకేచోట ఆగి, మంట పుట్టించే మందును అక్కడే ధారగా వదిలితే ఏమవుతుందో అప్పుడు తెలిసింది. రక్తపోటుకు ఇచ్చే నిఫెడిపిన్‌ను అదే పంపులో పెట్టి ఫైజర్ 1989లో ప్రొకార్డియా ఎక్స్.ఎల్. తెచ్చాక గానీ ఆల్జా విద్యకు కాసులు రాలలేదు. నిఫెడిపిన్ పాత మందే. కొత్తది దాని సంచి.

ఇక్కడే కంపెనీలకు ఒక సంగతి తట్టింది. పేటెంటును మన వైపు మాటలో పట్టా అనుకుందాం, గడువున్న పట్టా. అణువు చేను అయితే, దాని పట్టా గడువు తీరిన రోజున చేను ఊరుమ్మడి అవుతుంది. కానీ చుట్టూ ఉన్న గట్టు మీద, కంచె మీద, నీళ్ల కాలవ మీద వేరే పట్టాలు రాయించుకుని ఉంటే? చేను అందరిదీ, అందులోకి దారి మాత్రం ఒకరిదే. పూతలు, సంచులు, విడుదల వేగాలు ఇలా కంచె పట్టాలయ్యాయి. అలాగని ఈ పేటెంట్లన్నీ దొంగ పట్టాలని నేను అనను. ఆల్జా పంపు నిజంగా కొత్త ఆలోచన. కొన్నింటిలో మాత్రం కంచె తప్ప పంట కనిపించదు.

ఇక ఒమెప్రజోల్. స్వీడన్‌లో ఆస్ట్రా కంపెనీకి చెందిన హెస్లే ప్రయోగశాలలో 1979లో పుట్టింది. కడుపులో ఆమ్లం ఊరకుండా ఆపుతుంది. చిత్రమేమిటంటే, ఆమ్లాన్ని ఆపే ఈ మందు ఆమ్లానికి బతకదు. పీహెచ్ 4 కంటే దిగువన పది నిమిషాలు కాకముందే సగానికి సగం చెడిపోతుంది. అందువల్ల పొట్ట దాటేదాకా కాపాడి, పేగులో విడిచి, రక్తంలోకి పంపి, రక్తం ద్వారా మళ్లీ పొట్ట గోడకు చేర్చాలి. ముందు గుమ్మంలో కాలు పెట్టలేక పెరటి దారిన వచ్చే చుట్టం లాంటిది.

పేగులో కరిగే పూత వేస్తే సరి అనుకున్నారు. అక్కడో చిక్కు. ఆ పూతలో కూడా ఆమ్ల గుణం ఉంది. కాపలావాడే దొంగ అన్నమాట. పూత తగిలినచోట మందు రంగు మారి చెడుతుంది. మందుకు బలంగా కొంచెం క్షారం కలిపితే మందు నిలుస్తుంది గానీ, లోపలికి చేరిన నీటితో ఆ క్షారం బయటి పూతనే లోపలి నుంచి తినేస్తుంది. హెస్లే వాళ్లు మూడంచెల కట్టుబడి పట్టుకున్నారు. నడుమ క్షారం కలిపిన మందు గింజ, దాని మీద ఏ గొడవకూ పోని నీళ్లలో కరిగే సన్నని పొర, దాని మీద పేగులో కరిగే పూత. కొట్లాడుకునే ఇద్దరి మధ్య ఒక పెద్దమనిషిని కూర్చోబెట్టినట్టు. 1986లో దరఖాస్తు పెట్టారు. అమెరికాలో 1988లో ఒకటి, 1989లో ఒకటి పేటెంట్లు వచ్చాయి. 1989లోనే అమెరికాలో లోసెక్ పేరుతో మందుకు అనుమతి దొరికింది. లాసిక్స్ అనే వేరే మాత్రతో పేరు కలగాపులగం అవుతోందని మరుసటేడు ప్రిలోసెక్ అని మార్చారు. 2000 నాటికి అది ప్రపంచంలోనే ఎక్కువగా అమ్ముడుపోయే మందు. ఏటా సుమారు 600 కోట్ల డాలర్ల వ్యాపారం.

ఇండియాలో సంగతి వేరు. పదార్థం మీద పట్టా లేదు కాబట్టి రెడ్డీస్ తన దారిన ఒమెప్రజోల్ చేసి 1991లో ఓమెజ్ పేరుతో విడుదల చేసింది. కడుపులో మంట అంటే ఓమెజ్ అనేంతగా ఆ పేరు జనంలోకి పోయింది. ఇంట గెలిచినవాళ్లు రచ్చ గెలవాలనుకోవడంలో తప్పులేదు. 1999లో అమెరికాలో దరఖాస్తు పెట్టారు. అక్కడ 1984 నాటి హ్యాచ్-వాక్స్‌మన్ చట్టం ప్రకారం పేటెంటు చెల్లదనో, మేం దాన్ని మీరడం లేదనో చెప్పి నకలు మందుకు అనుమతి అడగొచ్చు. పేటెంటుదారు 45 రోజుల్లో దావా వేస్తే అనుమతి 30 నెలలు ఆగుతుంది. మొదట సవాలు చేసినవాడికి 180 రోజులు పోటీ లేని అమ్మకం బహుమానం. ఈ చట్టం పుట్టిన ఏడే రెడ్డీస్ కూడా పుట్టింది. కాకతాళీయమే, కానీ ఆ కంపెనీ జాతకంలో సగం ఆ చట్టమే రాసింది.

ఒమెప్రజోల్ అణువు పట్టా, చివరి పొడిగింపులతో కలిపి, 2001 అక్టోబరులో తీరింది. చేను ఊరుమ్మడి అయింది. కంచె పట్టా మాత్రం 2007 ఏప్రిల్ దాకా ఉంది. ఆ కంచె దగ్గరే యుద్ధం. మన్‌హాటన్ ఫెడరల్ కోర్టులో జడ్జి బార్బరా జోన్స్ ఎదుట 2001 డిసెంబరులో విచారణ మొదలైంది. ప్రతివాదులు నలుగురు: ఆండ్రక్స్, జెన్‌ఫార్మ్, కడ్కో, చెమినార్. ఈ చివరిది రెడ్డీస్ వారి సోదర కంపెనీ, అప్పటికే మాతృసంస్థలో కలిసిపోయింది. అణువును ఎవరెలా చేశారని అక్కడ ఎవరూ అడగలేదు. మూడు దశాబ్దాలుగా హైదరాబాదు సానబట్టిన విద్యకు ఆ గదిలో పని లేదు. తగవంతా గింజ అడ్డుకోతలో కంటికి ఆనని ఆ నడిమి పొర గురించి. అది ఉందా, లేదా? ఉంటే పేటెంటులో రాసిన పొరే అవునా? ఇలాంటి పొర వేయాలని ఏ నిపుణుడికైనా తట్టేదే కదా?

2002 అక్టోబరు 11న తీర్పు వచ్చింది. పేటెంట్లు చెల్లుతాయి. ఆండ్రక్స్, జెన్‌ఫార్మ్, చెమినార్ ముగ్గురూ మీరారు. కడ్కో కట్టుబడి మాత్రం ఆ పట్టా హద్దుల్లోకి రాదు. నలుగురిలో ఒకడు కంచె తగలకుండా చేలోకి దారి కనుక్కున్నాడు. 2003 డిసెంబరులో అప్పీలు కోర్టు కూడా అదే ఖాయం చేసింది.

తర్వాత జరిగింది చూస్తే నవ్వొస్తుంది. ముందుగా సవాలు చేసిన హక్కు ఆండ్రక్స్, జెన్‌ఫార్మ్‌ల చేతిలో ఉంది. వాళ్లు ఓడినా, తమ 180 రోజుల హక్కును వదులుకుని కడ్కో లాభాల్లో వాటా తీసుకున్నారు. 2002 డిసెంబరులో కడ్కో గొట్టాలు అంగళ్లలోకి వచ్చాయి. ఓడినవాళ్లు కూడా వడ్డించుకున్న ఆ పంక్తిలో హైదరాబాదుకు విస్తరి పడలేదు. అంతకు ఏడాది ముందే, 2001 ఆగస్టులో, ఫ్లూయాక్సెటిన్ అనే ఇంకో మందు 40 మిల్లీగ్రాముల గొట్టం మీద రెడ్డీస్‌కు 180 రోజుల బహుమానం దక్కింది. ఒక భారతీయ కంపెనీకి అది దక్కడం అదే మొదలు. ఆ గెలుపు పత్రికల్లో మొదటి పేజీకి ఎక్కింది.

ఇదే పేటెంటు మీద రెండో విడత దావాలు 2007లో తేలాయి. అందులో కెనడా కంపెనీ ఆపోటెక్స్ వాదన విచిత్రం. మేం నడిమి పొర వేయనే లేదు అన్నారు. కానీ లోపలి క్షారం, బయటి పూత తయారీలో ఒకదానికొకటి తగిలి నడుమ దానంతటదే ఒక పొర పుట్టిందని కోర్టు తేల్చింది. వేయకపోయినా ఉంది కాబట్టి మీరినట్టే. వానకు మొలిచిన కంచెకు కూడా పన్ను కట్టాల్సి వచ్చిందన్నమాట! అప్పటికి ఆస్ట్రాజెనెకాగా మారిన ఆస్ట్రా దృష్టి వేరేచోట ఉంది. 2001లోనే అదే అణువు తాలూకు ఒక రూపాన్ని నెక్సియం పేరుతో ఊదా రంగు మాత్రగా అమెరికాలో దింపింది. దానికి కొత్త పట్టా.

హైదరాబాదు ఈ దెబ్బకు నేర్చుకున్నది కొంతే. రసాయనం ప్రయోగశాల పక్కన ఫార్ములేషన్ ప్రయోగశాలలు పెరిగాయి. నిదానపు మాత్రల మీద పట్టు అంత తొందరగా రాలేదు. 2014లో గుండెజబ్బులకు ఇచ్చే మెటోప్రొలోల్ నిదాన మాత్రలు కరిగే పరీక్షలో తప్పాయని రెడ్డీస్ అమెరికా నుంచి 13,560 సీసాలు వెనక్కి పిలిచింది. అదే ఏడు అదే మందుకు వాక్‌హార్ట్ కూడా వెనక్కి పిలవాల్సి వచ్చింది. అణువు నూటికి నూరు పాళ్లు సరిగ్గా ఉన్నా, వదిలే వేగం తప్పితే మందు తప్పినట్టే.

వేగం తప్పితే ఎంత ముప్పో అమెరికాకు ఇంకా బాగా తెలుసు. 1995 చివర అనుమతి పొందిన ఆక్సికాంటిన్ పన్నెండు గంటల నొప్పి మాత్ర. నిదానంగా వదులుతుంది కాబట్టి మత్తుకు అలవాటు పడటం తక్కువని అమ్మారు. జనం దాన్ని నూరారు. మన అవ్వ నూరుతానన్నట్టే. పన్నెండు గంటల మత్తు ఒక్క పీల్పులో దొరికింది. దాన్ని అమ్మిన పర్డ్యూ కంపెనీ 2007లో నేరం ఒప్పుకుంది. ఆ కేసులో చెల్లింపులు 60 కోట్ల డాలర్లు దాటాయి. నూరితే పిండి కాకుండా సాగే కొత్త మాత్ర 2010లో వచ్చింది. దానికీ పేటెంట్లు ఉన్నాయి.

ఇండియాలో 2005 జనవరి 1 నుంచి పదార్థం మీద పేటెంటు తిరిగొచ్చింది. దానితోపాటే చట్టంలో 3(డి) అనే కాపలా పెట్టారు. తెలిసిన మందుకు కొత్త రూపు ఇస్తే చాలదు, ఫలితం పెరగాలి. ఏవేవి పాత మందు కింద లెక్కో జాబితా కూడా రాశారు: లవణాలు, స్ఫటిక రూపాలు, రేణువు సైజు, ఇంకా కొన్ని. ఆ జాబితాలో పూత అన్న మాట లేదు. అందుకే పూతల దరఖాస్తులు వచ్చినప్పుడు వాదన వేరే సెక్షన్ల మీదికి మళ్లుతుంది: ఇందులో కొత్తదనమేముంది, ఉన్నవాటిని కలపడమేగా అని.

అగళి అవ్వ మాత్రకు ఇక్కడ ఏ పట్టా గొడవా లేదు. మెట్‌ఫార్మిన్ 1922లోనే తయారైన పదార్థం. దాని నిదానపు రూపం గ్లూకోఫేజ్ ఎక్స్.ఆర్.గా అమెరికాలో 2000లో వచ్చింది. పొట్టలో ఉబ్బి ఆగిపోయే ఇంకో రకం నిదానపు మాత్ర గ్లుమెట్జా. అది 2015లో వాలియంట్ అనే కంపెనీ చేతికి పోయాక ధర అనేక రెట్లు పెరిగి అమెరికాలో గోల అయింది. అణువు అదే. డబ్బంతా ఉబ్బడానికే.

అవ్వ మాత్రలో జరిగేది కూడా ఉబ్బడమే. సబ్జా గింజను నీళ్లలో వేస్తే చుట్టూ జిగురు కమ్ముకుంటుంది కదా, ఆ మాత్రలోని సెల్యులోజ్ జాతి పొడి కూడా అలాగే నానుతుంది. ఆ జిగురులోంచి మందు ఊరి ఊరి బయటికొస్తుంది. నూరితే జిగురు కట్టడానికి ఇల్లు ఉండదు. 1000 మిల్లీగ్రాములూ ఒక్కపెట్టున దిగి కడుపు తిప్పుతుంది, విరేచనాలు పట్టుకుంటాయి, సాయంత్రానికి మందు మిగలదు.

అంగడాయన సబ్జా గింజల సంగతి చెప్పలేదు గానీ, చీటీ రాసిన డాక్టరుకు ఫోను కలిపాడు. 1000ది వెనక్కి తీసుకుని, 500వి చిన్న సైజువి ఇచ్చాడు. ఒక్కోటి చొప్పున రెండు మింగాలన్నాడు.

"వీట్నయినా నూరొద్దవ్వా."

"నూరన్లేప్పా," అంటూ అవ్వ అట్టను కొంగున ముడేసుకుని శిర బస్సు కోసం రోడ్డు దాటింది.

(వచ్చే భాగం: 3(డి) కోర్టుకెక్కిన రోజు – గ్లీవెక్ కథ)